రక్తపిశాచికి బాకీ పడిన నిప్పు

మా నాయన పాకాలలో రైల్వే ఫైర్‌మన్. ఆవిరి ఇంజన్ల కాలం అది. మీటర్ గేజి బండ్లలో పార పట్టుకుని బొగ్గు వేయడం ఆయన ఉద్యోగం. రాత్రి డ్యూటీ దిగి ఇంటికొస్తే చొక్కా నిండా మసి, దగ్గరికి పోతే మాడిన వెంట్రుకల కమురు వాసన. నాకు పదేళ్ళప్పుడు ఒకసారి అడిగాను, "అంత మంటను రాత్రంతా చూస్తానే ఉంటావు గదా నాయనా, భయం కాదా?" అని.

"నిప్పును నేరుగా చూస్తే నేను పనికి రాను మే" అన్నాడు. "ఒక్కసారి లోపలికి చూసినానంటే బయట సిగ్నల్ కనపడదు. పార అడ్డం పెట్టుకోని దాని పక్కనుంచి చూడాల."

ఆ మాట నాకు నలభై ఏళ్ళుగా పనికొస్తోంది. నేనిప్పుడు తిరుపతి గాంధీ రోడ్డు దగ్గర ఒక ప్రింటింగ్ ప్రెస్సులో డీటీపీ పని చేస్తాను. పగలంతా పెళ్ళిపత్రికలు, ఉత్తరక్రియల కార్డులు టైప్ చేస్తాను. రాత్రి పది దాటాక రక్తపిశాచుల కథలు రాస్తాను. కొత్తగా రాసే పిల్లలు కొందరు తమ కథలు చదవమని నాకు పంపిస్తుంటారు. దాదాపు అన్నిట్లోనూ నిప్పూ ఉంటుంది, తిరుగుబాటూ ఉంటుంది. కొండ మీద కోట, కింద కాగడాలు పట్టుకున్న జనం, చివర్లో ఒక పెద్ద మంట, పిడికెడు బూడిద. ఆ కోట మనది కాదు, ఆ జనం మనవాళ్ళు కాదు, ఆ మంట కూడా మనది కాదు. అందుకే కథ చదివి పక్కన పెట్టగానే మనసులోంచి జారిపోతుంది.

నేను గట్టిగా నమ్మేది ఒకటుంది. మన నేల మీద రక్తపిశాచి కథ రాస్తే నిప్పు ఆయుధం కాకూడదు, బాకీ కావాలి. ఎవరికో రావాల్సింది, ఇవ్వకుండా ఎగ్గొట్టింది. తిరుగుబాటు ఆ బాకీ దగ్గరే పుడుతుంది. దాన్ని కథలోకి ఎలా తెచ్చుకోవాలో నాకు తెలిసినంత చెబుతాను.

వాణ్ణి ఎందుకు కాల్చలేదు?

మొదటి పేజీ రాయకముందే ఈ ప్రశ్నకు జవాబు రాసుకోండి. ఇది తేలకుండా ముందుకు పోవద్దు.

యూరప్‌లో ఈ నమ్మకం ఎలా నడిచిందో చూడండి. 1725లో సెర్బియాలో, అప్పటికి ఆస్ట్రియా ఏలుబడిలో ఉన్న కిసిలోవా అనే పల్లెలో, పీటర్ ప్లొగోయోవిట్స్ అనే రైతు చనిపోయాడు. తర్వాత కొన్ని రోజుల్లోనే ఊళ్ళో వరసగా చావులు. జనం సమాధి తవ్వారు, గుండెల్లో మేకు దించారు, శవాన్ని కాల్చేశారు. ఆస్ట్రియా అధికారి ఒకరు దగ్గరుండి చూసి నివేదిక రాశాడు. ఇలాంటివి ఎంత ముదిరాయంటే, శవాలను తవ్వి కాల్చడాన్ని 1755లో మహారాణి మరియా థెరీసా నిషేధించాల్సి వచ్చింది. అమెరికాలో 1892లో కూడా జరిగింది. రోడ్ ఐలాండ్‌లో మెర్సీ బ్రౌన్ అనే పందొమ్మిదేళ్ళ అమ్మాయి క్షయతో పోయింది. ఇంట్లో మిగతావాళ్ళను ఆమే పీల్చేస్తోందని అనుమానించి, ఆమె గుండెను ఒక బండ మీద కాల్చి, ఆ బూడిద నీళ్ళలో కలిపి జబ్బుగా ఉన్న అన్న ఎడ్విన్‌తో తాగించారు. రెండు నెలల్లో అతనూ పోయాడు.

అక్కడ మనిషిని ముందు మట్టిలో పెడతారు. నిప్పు తర్వాత వస్తుంది, శిక్షగా వస్తుంది. మన దగ్గర చాలామందికి నిప్పే ముందు. అది కొడుకు చేతుల మీదుగా, కుండ భుజాన పెట్టుకుని మూడు చుట్లు తిరిగాక వస్తుంది. "నాకు తలకొరివి పెట్టేవాడు" అని బిడ్డను చూసుకుని మురిసిపోయే జనం మనం. అలాంటి చోట ఒక శవం లేచి వచ్చిందంటే, దానికి అందాల్సింది అందలేదనే అర్థం. పాతిపెట్టే ఆచారం ఉన్న ఇళ్ళవాళ్ళ కథ అయితే నిప్పు బదులు మట్టి అనుకోండి. ప్రశ్న మాత్రం అదే, ఎగ్గొట్టింది ఎవరు?

ఇక్కడే తిరుగుబాటు వచ్చి చేరుతుంది. ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరి తీశారు. ఆయన తలను కోట మీద వేలాడదీశారు. 1877 దాకా అది అక్కడే ఉంది. ముప్పై ఏళ్ళు. తల్లి గర్భంలో ఉన్న బిడ్డ పుట్టి, పెరిగి, పెళ్ళి చేసుకుని, తన బిడ్డను ఎత్తుకుని ఆ కోట పక్కనుంచి నడిచిపోయేంత కాలం ఒక మనిషి తలను మంటకు ఇవ్వకుండా ఆపారు. ఇది చరిత్ర. ఆ మహానుభావుణ్ణి రక్తపిశాచిగా మార్చమని నేను అనడం లేదు, అలా చేయొద్దు కూడా. కానీ రాజ్యం ఒక శవాన్ని దాని మనుషులకు ఇవ్వకపోవడం అనే పని ఉంది చూశారా, అందులో మీ కథకు కావాల్సిన బీజం ఉంది. ఊహించిన ఊరు, ఊహించిన మనిషి పెట్టుకోండి. నేను అలాగే చేశాను. చంద్రగిరి కొండల వెనక నేను కల్పించుకున్న ఒక పాలెం, అక్కడ ఈస్టిండియా కంపెనీ ఉరి తీసిన ఒక పాలెగాడు, అంటే ఆ పాలేన్ని ఏలిన నాయకుడు. శవాన్ని దించితే ఇల్లు కూలగొడతామని దండోరా. నలభై రోజులు చెట్టుకు వేలాడాడు. నలభై ఒకటో రాత్రి చెట్టు మీద తాడు మాత్రమే ఉంది.

ఇంకొకటి మన దగ్గరే ఉంది, దాన్ని ఎవరూ వాడుకోవడం లేదు. దింపుడు కళ్ళం. పాడెను శ్మశానానికి తీసుకుపోతూ దారి మధ్యలో దించి, శవం చెవిలో మూడుసార్లు పిలుస్తారు. ఒకవేళ ప్రాణం ఉంటే పలుకుతాడేమోనని. దింపుడు కళ్ళం ఆశ అనే మాట అక్కణ్ణుంచే వచ్చింది. చనిపోయినవాడు పలకవచ్చు అనే అనుమానాన్ని మన తంతులోనే పెట్టుకున్నాం. అక్కడ పిలుపుకు జవాబొస్తే? మన రక్తపిశాచి కథకు ఇంతకంటే మంచి గుమ్మం నాకు కనిపించలేదు.

నాయన పోయినప్పుడు నన్ను వీధి మలుపు దాకే రానిచ్చారు. మేమిద్దరం ఆడపిల్లలం. తలకొరివి పెదనాయన కొడుకు పెట్టాడు. దింపుడు కళ్ళం దగ్గర ఏం జరిగిందో, ఎవరు పిలిచారో, ఎంత గట్టిగా పిలిచారో నేను తర్వాత మూడో మనిషిని అడిగి తెలుసుకున్నాను. జీవితమంతా నిప్పుతో బతికిన మనిషికి చివరి నిప్పు నా చేత్తో పెట్టనివ్వలేదు. ఆ కోపం నాకు ఇంకా ఉంది. నేను రాసే ప్రతి కథకూ అదే మూలధనం. మీకూ ఇలాంటిది ఏదో ఒకటి ఉంటుంది. మీకు రావాల్సి ఉండి రానిది. కథకు కూర్చునే ముందు దాన్ని ఒక కాగితం మీద రాసుకుని, ఎవరికీ చూపించకుండా మడిచి పెట్టుకోండి. దాన్ని కథలో నేరుగా పెట్టొద్దు. పార అడ్డం పెట్టుకుని పక్కనుంచి చూడండి.

తిరుగుబాటుకు లెక్క ఉండాలి

నాకొచ్చే కథల్లో తిరుగుబాటు గాల్లో ఉంటుంది. "స్వేచ్ఛ కోసం పోరాడదాం" అని ఒకడు అరుస్తాడు, జనం కదులుతారు. నిజంగా జనం అలా కదలరు. నరసింహారెడ్డికి కంపెనీ ఇచ్చే తవర్జీ, అంటే భరణం, నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలు. అది తెమ్మని ఖజానాకు మనిషిని పంపితే అవమానించి పంపారు. ఒక పెద్ద తిరుగుబాటు పైసలతో సహా లెక్క చెప్పగలిగిన చోట రాజుకుంది. డ్రాకులా అనే పేరు వెనక ఉన్న వలాకియా రాజు వ్లాద్ కూడా అంతే, సుల్తాను మెహ్మెద్‌కు కప్పం కట్టనన్నాడు. 1462 జూన్‌లో సుల్తాను దండు మీద రాత్రిపూట విరుచుకుపడేదాకా పోయింది ఆ కప్పం తగువు. మన చిత్తూరు సీమ 1801లో ఆర్కాటు నవాబు నుంచి కంపెనీ చేతికి పోయింది. మూడు నాలుగేళ్ళు తిరక్కముందే ఇక్కడి పాలెగాళ్ళు తిరగబడ్డారు.

కాబట్టి ఒక నోటుబుక్కులో కిరాణాకొట్టు ఖాతా లాగా రాయండి. ఎవరు, ఎవరికి, ఎంత, ఎప్పటినుంచి. నా కథకు నేను రాసుకున్న పేజీ ఇలా ఉంది: ఊరు పాలెగాడికి బాకీ, ఒక చితి. పాలెగాడు ఊరికి బాకీ, ఇంటికొక మనిషి చొప్పున రెండు వందల ఏళ్ళుగా తాగిన రక్తం. కంపెనీ ఇద్దరికీ బాకీ, కానీ కంపెనీ ఇప్పుడు లేదు. ఈ మూడో వరుస రాశాకే నాకు కథ దొరికింది. అసలు దోషి వెళ్ళిపోయాడు. మిగిలినవాళ్ళు ఒకరినొకరు పీక్కుతింటున్నారు.

ఇంటికొక మనిషి అంటే బకాసురుడు మీకు గుర్తొచ్చే ఉంటాడు. ఏకచక్రపురం వాళ్ళు రోజూ బండెడు అన్నం, రెండు దున్నలు, ఒక మనిషిని పంపుతారు. మనవైపు భారతం ఉత్సవాల్లో బకాసుర వధ రోజు ఆ బండి ఊరంతా తిరుగుతుంది, మీలో చాలామంది దాని వెనక పరిగెత్తే ఉంటారు. ఆ కథలో నన్ను భయపెట్టేది రాక్షసుడు కాదు, ఆ వంతు. ఈరోజు ఎవరిల్లు అని ఊరే వరస రాసి పెట్టుకుంటుంది. మీ రక్తపిశాచి పెత్తనం రాసేటప్పుడు అతని కోరలకంటే ముందు ఆ వరసను చూపించండి. ఎవరు రాస్తారు? ఎక్కడ దాస్తారు? ఎవరు లంచమిచ్చి తమ పేరు వెనక్కి నెట్టించుకుంటారు? తిరుగుబాటు చేసే అమ్మాయి ముందుగా తగలబెట్టాల్సింది కోటను కాదు, ఆ జాబితాను.

పాలెగాడు అనే మాటను మాత్రం తేలిగ్గా వాడొద్దు. చరిత్రలో కంపెనీ మీద తిరగబడినవాడూ పాలెగాడే. మన తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ కథలో కొత్త పెళ్ళికూతుళ్ళను తన దగ్గరికి రప్పించుకున్న దుర్మార్గుడూ పాలెగాడే. ఒక్క మాటలో వీరుడూ రక్తం తాగేవాడూ ఉన్నారు. ఇంత మంచి సరుకు చేతిలో పెట్టుకుని మనం విదేశీ ప్రభువులను అరువు తెచ్చుకోవడం ఎందుకు? ఒకప్పుడు తిరగబడ్డ మనిషి, అన్యాయంగా చచ్చిన మనిషి, తర్వాత ఆ అన్యాయాన్నే పెట్టుబడిగా పెట్టి ఊరిని పీల్చడం. నా పాలెగాడు అలాంటివాడు. మొదట్లో రాత్రిపూట తలుపు కొట్టి నిప్పు మాత్రమే అడిగాడు. పిడక ముక్క మీద ఇంత నిప్పు ఇస్తే తన చితి తానే పేర్చుకునేవాడు. కంపెనీకి భయపడి ఒక్క ఇల్లూ ఇవ్వలేదు. ఏడో ఇంటి దగ్గర మొదటిసారి కొరికాడు.

గంగమ్మ జాతర తప్పకుండా చూడండి, చూసినవాళ్ళు ఈసారి నోటుబుక్కుతో చూడండి. మే నెలలో వారం రోజులు. దాక్కున్న పాలెగాడిని వెతకడానికి అమ్మవారు రోజుకొక వేషం కడుతుంది. బైరాగి, బండ, తోటి, చివరికి దొర. దొర వేషం రోజు వాడి తల పోతుంది. మామూలు కథకుడైతే అక్కడ ముగిస్తాడు. జాతర అక్కడ ఆగదు. తర్వాత మాతంగి వేషం వస్తుంది, పాలెగాడి ఇంట్లో ఏడుస్తున్న ఆడవాళ్ళను ఓదార్చడానికి. చంపిన చెయ్యే వచ్చి కన్నీళ్ళు తుడుస్తుంది. నేను ఇరవై ఏళ్ళు ఆ వేషాలు చూశాక గానీ ఇది నాకు తట్టలేదు. అప్పటినుంచి నా కథల్లో రక్తపిశాచి చచ్చాక ఒక మాతంగి అధ్యాయం తప్పక ఉంటుంది. వాడి కోసం ఏడ్చేవాళ్ళు ఎవరు? వాళ్ళ ముందు మీ నాయిక ఏ ముఖం పెట్టుకుని నిలబడుతుంది? ఈ అధ్యాయం రాయలేకపోతున్నారంటే వాడిని మీరు మనిషిగా ఊహించుకోలేదని అర్థం. వెనక్కి వెళ్ళి సరిచేయండి.

నియమాల సంగతి త్వరగా చెప్పేస్తాను. ఎండ తగిలితే కాలిపోవాలనే రూలు మీకు అవసరమైతేనే పెట్టుకోండి. 1897లో వచ్చిన నవలలో డ్రాకులా పగలు కూడా తిరుగుతాడు. ఎండకు నశించడం 1922 నాటి ఒక జర్మన్ మూకీ సినిమాతో వచ్చింది. పిలవనిదే లోపలికి రాలేడనే గుమ్మం రూలుకు "ఓ స్త్రీ రేపు రా" అని తలుపుల మీద రాసుకున్న రోజులు గుర్తు తెచ్చుకోండి. ఇక గుండెలో దించే మేకుకు మన శేషాచలం కొండల ఎర్రచందనం ఉండనే ఉంది. గొడ్డలి వేటు పడితే బెరడులోంచి ఎర్రటి జిగురు కారుతుంది, చేవ నీళ్ళలో మునిగేంత బరువు. రక్తచందనం అనే పేరే చాలు.

నిప్పును రాయడం

ఇక్కడ కాస్త ఓపిగ్గా చదవండి, ఎక్కువమంది తప్పులు చేసేది ఇక్కడే.

ఒక అబ్బాయి పంపిన కథలో మూడు వాక్యాలు: "మంటలు ఆకాశాన్ని అంటాయి. వాడు భయంకరంగా అరిచాడు. క్షణాల్లో బూడిదైపోయాడు." అబ్బాయిని తప్పు పట్టను, అందరం ఇలాగే మొదలుపెడతాం. కానీ మనిషి క్షణాల్లో బూడిద కాడు. కట్టెల చితి మీద కాలడానికి నాలుగైదు వందల కిలోల కట్టెలు, కొన్ని గంటలు పడుతుంది. శరీరంలో ఎక్కువ భాగం నీళ్ళే, ముందు అవి ఆవిరి కావాలి. అంటే రక్తపిశాచిని తగలబెట్టడం ఒక కాగడా విసిరితే అయ్యే పని కాదు. కట్టెలు ఎవరో కొట్టాలి, మోయాలి, పేర్చాలి, రాత్రంతా కాపలా ఉండి ఎగదోయాలి. ఊరంతా కలిస్తే తప్ప కాదు. చూశారా, నిప్పును నిజంగా పట్టించుకుంటే తిరుగుబాటు దానంతటదే వచ్చి నిలబడింది. ఎవరు కట్టె తెచ్చారు, ఎవరు తేలేదు అనేదే మీ పతాక సన్నివేశం.

రంగుల గురించి నాయన చెప్పిందీ, నేను చదివి తెలుసుకున్నదీ కలిపి చెబుతాను. దాదాపు 525 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఏ వస్తువైనా చీకట్లో మసక ఎరుపుగా కనబడడం మొదలవుతుంది. వెయ్యి దాటేసరికి నారింజ, ఇంకా పైకి పోతే పసుపు, తెలుపు. ఇంజను పొయ్యిలో ఎర్రగా ఉంటే నాయనకు దిగులు, తెల్లగా ఉంటే ధైర్యం. పొగగొట్టంలోంచి నల్లటి పొగ వస్తే గాలి చాలడం లేదని, బొగ్గు వృథా అవుతోందని అర్థం. మన కథల్లో నల్లటి పొగ, ఎర్రటి మంట అంటే మహా భయంకరం అని రాస్తాం. నిప్పుతో పనిచేసేవాడికి అది నీరసంగా ఉన్న నిప్పు. మీ నాయిక ఏ పని చేసే మనిషో దాన్ని బట్టి ఆమె కంటికి నిప్పు వేరుగా కనబడాలి. కుమ్మరి ఇంటి పిల్ల చూసే నిప్పు, హోటల్లో దోసె పెనం ముందు నిలబడే పిల్ల చూసే నిప్పు ఒకటి కావు.

సిగ్నల్ మాట కూడా మరిచిపోవద్దు. వెలుగు చూసిన కన్ను మళ్ళీ చీకటికి పూర్తిగా అలవాటు పడాలంటే ఇరవై, ముప్పై నిమిషాలు పడుతుంది. కాగడా పట్టుకున్నవాడికి తన చుట్టూ పది అడుగులు కనబడతాయి, పదకొండో అడుగు కనబడదు. ఆ పదకొండో అడుగులో మీ రక్తపిశాచిని నిలబెట్టండి. వాడికి జనం ముఖాలన్నీ దీపం పెట్టినట్టు కనబడతాయి. ఎవరెవరు వచ్చారో ఒక్కొక్కరినీ చూసుకుంటాడు. చేతిలో కాగడా ఉండడం ధైర్యం కాదు, ఆ రాత్రి అది గుడ్డితనం. నా కథలో నాయిక తిరుగుబాటు రోజు అందరి దివిటీలూ ఆర్పించి అరగంట కూర్చోబెడుతుంది. ఆ అరగంట రాయడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. ఎవరూ మాట్లాడరు. ఒక పసిబిడ్డ పాలు చప్పరించే శబ్దం వినబడుతుంటుంది.

ఆ అబ్బాయి మూడు వాక్యాలను ఇద్దరం కూర్చుని తిరగరాశాం. ఇలా వచ్చింది:

"పంచె అంచు ముందు ముడుచుకుంది. ఆ తర్వాత ముంజేతి వెంట్రుకలు, చిటచిటమని. కమురు వాసన గుంపు దాకా రాగానే ఇద్దరు ముగ్గురు ముక్కు మూసుకున్నారు. వాడు అరవలేదు. చెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకున్నాడు, మిట్టమధ్యాహ్నం ఇంట్లోంచి బయటికి వచ్చిన మనిషి లాగా."

మంట అనే మాటే లేదు. నిప్పు ఏం చేసిందో ఉంది.

నిప్పు కనబడకుండానే దాని పని కనబడడం ఎంత దూరం పోతుందో చెప్పడానికి ఒక నిజమైన సంగతి. 1815 ఏప్రిల్‌లో ఇండోనేషియాలోని తంబోరా అగ్నిపర్వతం పేలింది. ఆ ధూళి ఆకాశంలో పరుచుకుని మరుసటేడు యూరప్‌కు వేసవి లేకుండా చేసింది. 1816 జూన్‌లో జెనీవా సరస్సు పక్కన ఒక ఇంట్లో కవి బైరన్, అతని మిత్రులు వానకు బయటికి పోలేక దెయ్యం కథలు రాద్దామని పందెం వేసుకున్నారు. అక్కడే ఉన్న బైరన్ వైద్యుడు పోలిడోరి అప్పుడు బైరన్ రాసి వదిలేసిన ముక్కను పట్టుకుని రాసిన కథ 1819లో అచ్చయింది. ఇంగ్లీషు కథాసాహిత్యంలో రక్తపిశాచి నడక అక్కణ్ణుంచే మొదలు. ఎక్కడో కొండ కాలితే, ఇంకెక్కడో గది చీకటి పడి ఒక పాత్ర పుట్టింది. మీ కథలోనూ నిప్పును దూరంగా పెట్టి చూడండి. మార్చిలో శేషాచలం అడవి అంటుకున్న రాత్రుల్లో తిరుపతి డాబాల మీదికి బూడిద రేకులు వచ్చి వాలతాయి. ఆరేసిన బట్టల మీద పడిన ఒక నల్ల రేకుతో అధ్యాయం మొదలుపెట్టండి, పాఠకుడు తల ఎత్తి కొండ వైపు తనే చూస్తాడు.

నిప్పు దగ్గర నిలబడి నేర్చుకోవాలంటే అగ్నిగుండానికి మించిన బడి లేదు. మనవైపు ద్రౌపది, ధర్మరాజుల గుళ్ళలో భారతం ఉత్సవాలు జరుగుతాయి. పగలు హరికథ, రాత్రి తెల్లవార్లూ నాటకం. చివర్లో దుర్యోధన వధ. మట్టితో చేసిన పేద్ద దుర్యోధనుడు నేల మీద వెల్లకిలా పడుకుని ఉంటాడు. భీముడి వేషం కట్టిన మనిషి తొడ మీద కొడితే ఎర్రటి నీళ్ళు చిమ్ముతాయి, ఆ రక్తంతో ద్రౌపది శపథం తీరి జుట్టు ముడి పడుతుంది. అదే రోజు సాయంత్రం నిప్పుల మీద నడక. రక్తమూ, పగా, నిప్పూ ఒకే పగటిలో. మీరు వెళ్ళినప్పుడు నడిచేవాళ్ళ కాళ్ళను చూడొద్దు, అందరూ అదే చూస్తారు. గుండం చుట్టూ నిలబడ్డవాళ్ళ ముఖాలు చూడండి. పోయినసారి నా పక్కన ఒక పెద్దావిడ తన కొడుకు నడుస్తుంటే అతని అడుగుకొక్కసారి తన కాలివేళ్ళు ముడిచింది. ఆమెకు తెలియకుండానే. ఆ ఒక్క కదలిక తెచ్చుకోవడానికి మూడు గంటలు ఎండలో నిలబడ్డాను.

మాట

రక్తపిశాచి అనే మాట కథ రాసే మీకూ చదివే నాకూ. ఊళ్ళోవాళ్ళు అలా అనరు. భయపడే దాని పేరు ఎవరూ పలకరు. "ఆయన", "కొండమీదాయన", "వచ్చేటోడు" అంటారు. కొరివి దెయ్యం అనే పాత మాట మన దగ్గర ఉంది, చేతిలో కొరివి పట్టుకుని రాత్రిళ్ళు పొలాల్లో తిరిగేది. మా అవ్వ దాని గురించి చెప్పేటప్పుడు గొంతు తగ్గించేది. "దాని కొరివి ఆరిపోయిందంటే మనింటికే వస్తుంది నిప్పుకు" అనేది. నా పాలెగాడు తలుపు కొట్టి నిప్పు అడగడం ఆ మాటలోంచే వచ్చింది. మీ ఇంట్లో పెద్దవాళ్ళు బతికి ఉంటే ఈ వారమే పోయి అడగండి. ఫోన్‌లో రికార్డు చేయండి, వాళ్ళు వాడిన మాట వాడినట్టే రాసుకోండి. సంభాషణల్లో మన యాస ఉండనివ్వండి. రెండు వందల ఏళ్ళ పాలెగాడు పాఠ్యపుస్తకం భాష మాట్లాడితే నాకు నమ్మకం కలగదు.

చివరి సన్నివేశం ముందే రాయండి. నేను అలాగే రాశాను. అందులో ఊరంతా కట్టెలు తెచ్చింది, చితి పేర్చింది, ఇవ్వాల్సిన నిప్పు తెచ్చింది. కానీ బాకీ తీరితే తన పెత్తనం పోతుంది కాబట్టి పాలెగాడు తీసుకోనంటాడు. వాడి వంశంలో మిగిలింది ఒక్కతే ఆడపిల్ల. ఆమెకు ఆ హక్కు లేదని ఊరిపెద్దలు గొణుగుతున్నారు. ఆమె వాళ్ళను దాటుకుని వచ్చి, వాడి పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. చెవి దగ్గర నోరు పెట్టింది. పలికితే బతికున్నట్టు, నిప్పు పెట్టడానికి లేదు. పలకకపోతే వెళ్ళిపోవాలి. రెండూ వాడి చేతిలోనే ఉన్నాయి.

ఏ పేరుతో పిలవాలో నేను చాలా రోజులు ఆలోచించాను. వాడికి బిరుదులు ఉన్నాయి, ఊరు పెట్టిన పేర్లు ఉన్నాయి. అవన్నీ కొట్టేశాను. ఆమె "నాయనా" అని పిలిచింది. రెండోసారి ఇంకొంచెం గట్టిగా. మూడోసారి పిలిచాక అగ్గిపుల్ల గీసింది.